రాత్రి రెండింటి పాలు

టార్కిల్,
ఇవాళ నా గొంతులోంచి ఒక నల్లటి గొట్టం దిగింది.
చివర దీపం, దీపం పక్కన కన్ను.
గవన్ రేవులో ఓడల అడుగున నువ్వు పాకేవాడివే టార్చి పట్టుకుని,
ఏ రివెట్ వదులైందో వెతుకుతూ,
అచ్చం అలాగే.

తెర మీద చూపించింది డాక్టరమ్మ:
గులాబీ గోడకి తెల్లటి గుంట,
గాజుగోళీ పెట్టి నొక్కినంత.
"మోకాళ్ళకి ఏం మింగుతున్నారు?" అంది.
అడిగిన తీరులోనే తెలిసింది, దొరికిపోయానని.
మూడేళ్ళుగా, రోజుకి మూడు మాత్రలు.
పరగడుపునా? పరగడుపునే.
మోకాలు మెట్లెక్కింది, కడుపు కూలి చెల్లించింది.

నీ గుంట మాత్రం నేనెన్నడూ చూడలేదు.
నీకు సుద్దనీళ్ళు తాగించి ఎక్స్‌రే తీశారు,
చిన్నపేగు మొదట్లో ఒక నీడ చూపించారు.
అంతే.

కారణం ఆ రోజుల్లో వీధివీధికీ తెలుసు.
ఫోర్‌మన్ ఉద్యోగమన్నారు, సిగరెట్లన్నారు,
వేపుడు చేప మీద వెనిగరన్నారు.
మీ అమ్మ మాత్రం నా వైపు చూసింది.
"వాడు మాటలన్నీ కడుపులో పెట్టుకునే రకం" అంది,
నేను బయటపెట్టే రకం కాబట్టి.

రాత్రి రెండింటికి ఆకలి వేషంలో లేచేది నీ నొప్పి.
నేను పాలు వెచ్చబెట్టేదాన్ని.
గ్లాసు రెండు చేతులా పట్టుకుని
పసివాడిలా గడప మీద కూర్చునేవాడివి.
పాలు దిగేసరికి మొహం తేటపడేది.
గంటన్నరకి మళ్ళీ మొదలు.
గ్లాసు అందించిన ప్రతిసారీ
నోరు తెరవకుండా నీకు క్షమాపణ చెప్పుకున్నాను.

అరవై రెండు నవంబరులో నీకు తారులా నల్లగా పోయింది.
రెండు రోజులు దాచావు.
మూడోనాడు రేవులో కూలావు.
మూడింట రెండొంతుల కడుపు కోసి పారేశారు.
వార్డులో ముప్ఫై మంచాలు, ముప్ఫై మంది మగాళ్ళు,
అందరికీ నిలువునా ఒకటే కుట్టు.
"మాదో క్లబ్బు" అని నవ్వబోయి కుట్టు పట్టుకునేవాడివి.
ఆ తర్వాత సూపు ఆరు చెంచాలు.
ఏడోదానికి చెమటలు, దడ.
విందులకి వెళ్ళడం మానేశావు,
తిన్నాక నడుం వాల్చేచోటు ఎవరింట్లోనని.

నువ్వు పోయిన ఆరేళ్ళకి
మన మోరాగ్ కొడుక్కి, పందొమ్మిదేళ్ళకే,
అదే నొప్పి, అదే రెండింటికి.
వాడు ఒక సంచీలోకి ఊదాడు.
క్రిమి, అన్నారు.
మెలికలు తిరిగిన క్రిమి, ఆమ్లంలో కాపురం చేసేది.
వారం రోజులు మూడు రకాల మందులు.
నోరు చేదెక్కిందని గునిశాడు.
నెల తిరక్కుండా చేపా చిప్సూ తిన్నాడు,
వెనిగర్ ఓడ్చుకుని.

వాడు బాగుపడ్డాడని ఏడ్చాననుకున్నారు అందరూ.

క్రిమి, టార్కిల్.
నా నోరు కాదు.
చిన్నప్పుడే అంటుతుందట, ఇరుకిళ్ళల్లో.
ఒక గది, ఏడుగురు పిల్లలు, ఒకే చెంచా.
గంజి వేడి చూడ్డానికి మీ అమ్మ నాలిక్కి తాకించుకుని
ఆ చెంచానే నీ నోట్లో పెట్టి ఉండొచ్చు.
చెబుదామని ఆమె సమాధి దాకా వెళ్ళాను కూడా.
కాసేపు గడ్డి పీకి వచ్చేశాను.
(సిగరెట్లు పుండుని మాననివ్వవట. ఆ నేరం నీదే.)

నాలోంచీ చిటికెడు ముక్క తీసి చూశారు.
క్రిమి లేదు. నాది ఉత్త మాత్రల పుండు.
నీ ముప్ఫై మంచాల వార్డులో
ఇప్పుడు మోకాళ్ళు మారుస్తున్నారు.
కడుపు కోయడం కుర్ర సర్జన్లు పుస్తకాల్లోనే చూశారట.
అయితే క్రిమి కూడా మొండికేస్తోందని,
కొందరికి వారం చాలక రెండు వారాలు, నాలుగు మందులని
నర్సు గొంతు తగ్గించి చెప్పింది.

నాకు పొద్దున్నే తిండికి ముందు ఒక గొట్టంబిళ్ళ,
ఎనిమిది వారాలు.
మోకాళ్ళు పాత బాకీ అడుగుతూనే ఉన్నాయి.

వచ్చేముందు అడిగాను, పాలు తాగొచ్చా అని.
డాక్టరమ్మ నవ్వింది.
పాలు ఆ కాసేపూ చల్లబరిచి
వెనకాలే ఇంకాస్త ఆమ్లం ఊరిస్తాయట.

విన్నావా?
నా తిట్లు నిన్నేమీ చేయలేదు.
నా పాలే.

నవ్వకు.
కుట్టు పట్టుకో ముందు.